ముందుగా కాళ్ళు

ఆ చలికాలం దాకా నాకూ పక్షులకూ పడేది కాదు. ఊరికి మంచినీళ్ళు పంపే కేంద్రంలో నాది నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. నదిలోంచి తోడిన నీళ్ళు ముందు మా మడుగుల్లో నిలుస్తాయి. బురద అడుక్కి దిగాక, ఇసుక పొరల్లోంచి వడకట్టుకుని, మందు కలుపుకుని కుళాయిల దారి పడతాయి. ఆ మడుగుల అంచుల్లో పేరుకునే బురద కోసం చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి వాలతాయి. పక్షుల పిచ్చివాళ్ళకు అవి అపురూపం, నాకు మాత్రం రెట్ట. గట్టు మీద వాళ్ళు దుర్భిణులు పట్టుకుని మురిసిపోతున్నంతసేపూ, కింద నేను సీసాలు ముందేసుకుని ఆ మురిపెం నీళ్ళలో ఎంత కలిసిందో చూసుకునేదాన్ని.

నా పరీక్షగది గట్టు కంటే పల్లంలో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే గట్టు మీద నడిచేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనపడతారు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ ఎవరి కాళ్ళేవో నాకు కంఠతా వచ్చేశాయి. అరిగిపోయి మడమ దగ్గర నొక్కుకుపోయిన గుడ్డబూట్లు మాస్టారివి. రిటైరైన బడిపంతులు, ఊళ్ళో పక్షులు చూసేవాళ్ళందరినీ ఒక ఫోను గ్రూపులో చేర్చిన పెద్దమనిషి ఆయనే. మెరిసిపోయే తెల్లబూట్లు పళ్ళ డాక్టరమ్మవి. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపి, లేసులకు రెండేసి ముళ్ళు వేసిన గోధుమరంగు తోలుబూట్లు మా మరిదివి, అంటే మా చెల్లెలి మొగుడివి.

అతన్ని గ్రూపులో అందరూ ముద్దుగా కొంగ అనేవాళ్ళు. ఒక్కచోట కూర్చున్నాడంటే కదలడు, మెదలడు, పిట్ట తనంతట తాను బయటికొచ్చేదాకా రెప్ప వెయ్యడు. ఎవరి మీదైనా విసుక్కోగా చూసినవాళ్ళు లేరు. కొత్తగా వచ్చినవాళ్ళకు తన దుర్భిణి ఇచ్చి చూపిస్తాడు, ఫ్లాస్కులో టీ అందరికీ పోస్తాడు. మా చెల్లెలు అతన్ని మొదట చూసింది ఆ గట్టు మీదే, పడిపోయిందీ ఆ ఓపికకే. ఆ ఓపిక నాలుగు గోడల మధ్య ఎలా ఉంటుందో పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. కొంగజపం అన్న మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో మా చెల్లెలు ఇల్లు వదిలేసింది. అంతకుముందు ఒకసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, అతను వెనకాలే వచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడి, వాళ్ళచేతే దానికి సుద్దులు చెప్పించి ఇంటికి తీసుకుపోయాడు. అందుకని ఈసారి ఎవరికీ చెప్పకుండా ఒక స్నేహితురాలి హాస్టలుకు చేరింది. అతను మర్నాడే మా క్వార్టర్సుకు వచ్చాడు. కూర్చుని టీ తాగాడు. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి, ఫోను ఛార్జింగు పెట్టుకుంటానని పడకగదిలోకి, మడుగులు పైనుంచి ఎలా ఉంటాయో చూడాలంటూ మేడ మీదికి, ఇల్లంతా నింపాదిగా తిరిగాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

“ఎప్పుడైనా వస్తే నేను అడిగానని చెప్పకండి వదినా. భయపడుతుంది.”

ఆ సాయంత్రమే గ్రూపులో దాని ఫోటో పెట్టాడు. తన భార్యకు కొన్నాళ్ళుగా మనసు బాగుండటం లేదని, చెప్పకుండా ఎటో వెళ్ళిపోయిందని, ఎవరికైనా కనపడితే దగ్గరికి వెళ్ళి కంగారు పెట్టకుండా తనకొక్క మాట చెప్పమని రాశాడు. గ్రూపు గ్రూపంతా అయ్యో అంది. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు రాసేవాళ్ళు. బజారులో అలాంటి మనిషే కనపడిందని, బస్సులో కిటికీ పక్కన కూర్చుందని, ఏ వేళప్పుడు, ఏ రంగు బట్టలు, ఎటువైపు పోయింది, అచ్చం పిట్ట గురించి రాసినట్టే. పాపం వాళ్ళకు చేతనైన రాత అదే. వాళ్ళలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ మంచితనమే నాకు వెన్నులో చలి పుట్టించింది. కొంగ ఒక్కడైతే రెండు కళ్ళు, ఇప్పుడు ఊరంతా అతనికి కళ్ళే.

అలాంటి కబురొకటి హాస్టలున్న వీధి పేరుతోనే వచ్చింది. దాంతో మా చెల్లెలు అక్కణ్ణుంచి లేచి మా ఇంటికి వచ్చేసింది. ఒకసారి వెతికిన చోట మళ్ళీ వెతకడని దాని లెక్క. తెచ్చుకున్నది ఒక చేతిసంచీ, శాలువా కింద మెళ్ళో దుర్భిణి. కట్టుబట్టలతో పారిపోయి వచ్చే మనిషి దుర్భిణి మర్చిపోకుండా తెచ్చుకుందంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుడిచేతి చూపుడు వేలికి కట్టు ఉంది. అది విప్పింది నేనే. వేలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, ఇక వంగదు.

మేడ మీద గది దానికిచ్చాం. కిటికీ మడుగుల వైపే, చెక్క రెక్కల తలుపు, అందులో ఒక రెక్క ఊడిపోయి ఉంది. ఆ సందులోంచి అది బయటికి చూసేది. మిగతాదంతా కట్టడే. దీపం వెయ్యకూడదు. కుళాయి తిప్పితే గొట్టం టకటకమని కొట్టుకుంటుంది కాబట్టి బిందెలోని నీళ్ళే వాడుకోవాలి. నావీ మా ఆయనవీ తప్ప తీగ మీద మూడో మనిషి బట్ట ఆరకూడదు. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి చీకటిగదిలో గోడకానుకుని కూర్చుని ఉండేది. దగ్గరికి వెళ్తే మాత్రం పిట్టల కబుర్లే. వంగని వేలిని పక్కకు పెట్టి, దుర్భిణి చక్రాన్ని నడిమి వేలితో తిప్పడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు మళ్ళీ నవ్వడం కూడా మొదలుపెట్టింది. ఇలాగే ఈ కాలం గడిచిపోతే చాలనుకున్నాను.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన అదే కేంద్రంలో పంపుల ఆపరేటరు. గేటు తీయించే పలుకుబడి ఉంది కాబట్టి పక్షులవాళ్ళు ఆయన్నీ గ్రూపులో కలుపుకున్నారు. పక్షి విషయంలో ఆయనకు కాకికీ కోయిలకూ తేడా తెలియదు. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం పెట్టి, ఇది పక్షుల గ్రూపు బాబూ అని రోజూ చీవాట్లు తినేవాడు. మరదలు వచ్చాక మాత్రం దాని దగ్గర కూర్చుని పేర్లు నేర్చుకుంటున్నాడు. దానికీ మాట్లాడేందుకు ఒక మనిషి దొరికాడని నేను సంతోషించాను.

ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా, ఊడిన రెక్క సందులోంచి మా చెల్లెలికి గరిటెమూతి పిట్ట కనపడింది. ఊరపిచ్చికంత ఉంటుందిట, ముక్కు చివర మాత్రం గరిటెలా వెడల్పయి ఉంటుందిట. ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిగానే మిగిలాయిట. మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. అది చూసి ఇది గదిలో కూర్చోలేక, నిలబడలేక, నోరు నొక్కుకుని ఏడ్చిందని ఆయన చెప్పాడు. పక్షులవాళ్ళ సంగతి నాకు కొంత తెలుసు. పిట్ట కనపడటం సగమే, ఇంకొకరికి చెప్పాకే అది చూసినట్టు. బావా, మీ పేరు మీద పెట్టండి, అంది. ఇద్దరూ కలిసి అన్నీ ఆలోచించారు. ఫోటో మేడ మీద నుంచి కాకుండా గట్టు మీద నుంచి ఆయనే తీశాడు. టైము ఆయన డ్యూటీ టైమే. అది చెప్తుంటే ఆయన రాశాడు.

నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన నేల మీద లేడు. గ్రూపులో అందరూ ఎత్తేస్తున్నారు. శుభోదయం పెట్టుకునే మనిషి చేతికి ఈ కాలపు పిట్ట దక్కిందని పళ్ళ డాక్టరమ్మ చప్పట్ల బొమ్మలు గుప్పించింది. ఏం రాశారో చూద్దామని ఫోను తీసుకున్నాను. “నల్లటి కాళ్ళు, పొట్టివి, బురదలో సగం దిగి ఉన్నాయి. నడక గాభరాగా. పొట్ట తెలుపు, వీపు బూడిద. ముక్కు చివర గరిటె.” నాకందులో తప్పేమీ కనపడలేదు. కిందికి జరుపుతుంటే కొంగ రాసింది వచ్చింది.

“శభాష్ అన్నయ్యా. అంత గరిటెముక్కు కళ్ళెదురుగా పెట్టుకుని కాళ్ళతో మొదలుపెట్టారే. ఎవరు నేర్పారు?” అని, పక్కన ఒక నవ్వు బొమ్మ.

మా చెల్లెలు నా భుజం మీంచి చదివింది. చదివి నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయింది. దాని పెదాల్లో రక్తం లేదు. ఏమిటే అన్నాను. గొణిగినట్టు చెప్పింది. మొదట్లో మాస్టారు అందరికీ నేర్పారట, ముందుగా కాళ్ళు చూడండి, ఎగిరిందంటే కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటుంది, ఇక కనపడవు, ముక్కెక్కడికి పోతుంది, అని. మిగతావాళ్ళు విని మర్చిపోయారు. ముక్కు, తల, రెక్క, తోక, అందరూ రాసే వరస అదే. దీనికొక్కదానికే కాళ్ళు అలవాటైపోయాయి.

“మా ఆయన దానికే నన్ను ఎక్కిరించేవాడక్కా. నీ కళ్ళెప్పుడూ నేల మీదేనని. ఆయనకి తెలిసిపోయింది.”

అప్పటికప్పుడు దాన్ని ఎక్కడికైనా పంపేద్దామని లేచాను. మా క్వార్టర్సు నుంచి బయటికి పోవాలంటే మడుగు గట్టు ఒక్కటే దారి. మేడ మీది సందులోంచి చూస్తే గట్టు మీద అప్పటికే మనుషులున్నారు. కొంగ మడతకుర్చీ వేసుకుంటున్నాడు.

మర్నాడు పరీక్షగదిలో నాకు చేతులాడలేదు. కిటికీ నిండా కాళ్ళే. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చారు, కొత్త బూట్లు, చెప్పులు, మూడుకాళ్ళ స్టాండ్లు. ఒకరి మీద ఒకరు పడకుండా, గట్టిగా మాట్లాడకుండా, పెళ్ళివాళ్ళలా సంబరంగా ఉన్నారు. పిట్ట బురదలో అటూ ఇటూ పరుగులు పెడుతోందని వాళ్ళ గుసగుసల వల్ల తెలుస్తోంది. అందరి బూట్ల కొసలూ మడుగు వైపు ఉన్నాయి. సీసాలో మందు కలిపి, రంగు చూసి, తలెత్తేసరికి ఒక జత వెనక్కి తిరిగి ఉంది. ప్యాంటు మేజోళ్ళలోకి దోపిన గోధుమరంగు బూట్లు. వాటి కొసలు మా ఇళ్ళ వైపు ఉన్నాయి. పక్కనే స్టాండు మూడుకాళ్ళూ మెల్లగా, చప్పుడు కాకుండా, ఒక్కొక్కటే ఇటు జరిగాయి.

మేడ కిటికీలో ఒక రెక్క లేదు. బయటికి పరుగెత్తి అరవాలనుంది, అరిస్తే నా అంతట నేనే చెప్పినట్టవుతుంది. ఆ కిటికీ ముందే నిలబడిపోయాను. అప్పుడు అరిగిపోయిన గుడ్డబూట్లు వచ్చి ఆ స్టాండుకూ మా ఇళ్ళకూ మధ్య ఆగాయి.

“పిట్ట అటుంది బాబూ,” అన్నారు మాస్టారు.

“వెలుతురు సరిచూసుకుంటున్నాను మాస్టారూ,” అన్నాడు కొంగ. గోధుమ బూట్లు నింపాదిగా మడుగు వైపు తిరిగాయి. గుడ్డబూట్లు మాత్రం చాలాసేపు ఆ చోటు వదల్లేదు. ఆయన తెలిసి నిలబడ్డారో, ఊరికే నిలబడ్డారో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం కొంగ మెట్లు దిగి నా గదిలోకి వచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు అందించాను. తాగి, బల్ల మీది సీసా ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు.

“అన్నయ్యకి పిట్టల మీద ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చింది వదినా?”

తీరిగ్గా ఉన్నప్పుడు చూస్తుంటారు అన్నాను. తల ఊపాడు. సీసాను ఎక్కడినుంచి తీశాడో అక్కడే, చీటీ నా వైపు ఉండేట్టు పెట్టాడు.

“నాకేం తొందర లేదు. మీద పడితే ఏ పిట్టైనా బెదిరిపోతుంది. నేను రోజూ ఇక్కడే కూర్చుంటాను. దానికీ ఆకలేస్తుంది, గాలి కావాలనిపిస్తుంది. తనే వస్తుంది.”

ఆ మాటలు ఎవరు విన్నా పిట్ట గురించే అనుకుంటారు.

కొంగ అన్న మాట తప్పలేదు. పిట్ట ఉన్నన్నాళ్ళూ పక్షులవాళ్ళను లోపలికి రానివ్వాలని పైఆఫీసు నుంచే ఆర్డరు వచ్చింది. ఇక అతన్ని పొమ్మనే హక్కు ఎవరికుంది? తెల్లవారక ముందే పిట్టను చూడాలన్న సాకుతో రాత్రిళ్ళు గేటు బయట కారులోనే పడుకునేవాడు. ఏం దీక్ష, ఏం దీక్ష అని గ్రూపులో మెచ్చుకున్నారు. పగలంతా ఆ మడతకుర్చీలోనే. ముఖం మడుగు వైపు, కుర్చీ మాత్రం కాస్త ఏటవాలుగా, మా మేడ కంటికొసకు తగిలేట్టు.

మేడ మీద మా చెల్లెలు బతికున్న శవంలా అయిపోయింది. ఊడిన రెక్క చోట అట్ట పెట్టేశాం, దాంతో దానికున్న ఆ కాస్త వెలుగూ పోయింది. దగ్గు వస్తే దిండులో ముఖం పెట్టుకునేది. నేల చెక్క చప్పుడు చేస్తుందని మంచం దిగేది కాదు. అన్నం తీసుకెళ్తే ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయేది. నాకూ అంతే, ఎవరైనా గట్టిగా నడిస్తే ఉలిక్కిపడేదాన్ని. జీవితంలో మొదటిసారి ఒక పిట్ట కోసం మొక్కుకున్నాను, తల్లీ నీకు దణ్ణం పెడతాను ఎగిరిపో అని. మా ఆయన అపరాధభావంతో సగమైపోయి, ఏదో ఒకటి చెయ్యాలని, బురద మునిగిపోయేట్టు మడుగులో నీళ్ళు పెంచేశాడు. పిట్ట ఎగిరింది కూడా. ఎగిరి పక్క మడుగులో, సరిగ్గా మా మేడ కింద బురదలో వాలింది. దానితో పాటు కుర్చీ కూడా మా ఇంటి పక్కకు జరిగింది.

ఆ రోజే మాస్టారు నా గదిలోకి వచ్చారు. ఆయన్ని చూసినా నాకు భయమే వేసింది. కొంగను కొడుకులా చూసుకునే మనిషి. పైగా అబద్ధం ఆడటం చేతకాని మనిషి. గ్రూపులో ఎవరు ఏ పిట్ట పేరు రాసినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, చూశావా, చూశాననుకున్నావా? ఏమాత్రం తడబడ్డా ఆ పిట్టను జాబితాలోంచి కొట్టేయించేవారు. సొంత కూతురు చూశానన్న డేగను కూడా ఒప్పుకోలేదని చెప్పుకుంటారు.

ఆయన తలుపు దగ్గరికి వేసి, నిలబడే మాట్లాడారు. మా ఆయన రాసింది చదివిన నిమిషంలోనే తనకు తెలిసిందన్నారు. ఆ కాళ్ళ అలవాటు తను నేర్పిందే కదా.

“అమ్మా, ఒక్కటే అడుగుతాను. ఆ పిల్ల అలిగి వచ్చిందా, భయపడి వచ్చిందా?”

నిజం చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది. “దాని చూపుడు వేలు ఇక వంగదు మాస్టారూ. పెళ్ళి కాకముందు తీసిన ఫోటో ఒకటి దాచుకుందని, కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా విరిచాడు. కేకలెయ్యలేదు, కోప్పడలేదు.”

ఆయన ముఖం మారిపోయింది. ఆ కట్టు ఆయన చూశారట. తలుపులో పడిందని కొంగ చెబితే, కళ్ళు పిట్టల మీద పెట్టుకుని తలుపులు వేస్తే అంతేనమ్మా అని అందరి ముందూ వేళాకోళం చేశారట. మా చెల్లెలు కూడా నవ్విందట. తర్వాత అలవాటు కొద్దీ, చాలా చిన్న గొంతుతో అడిగారు.

“చూశావా అమ్మా, చూశాననుకున్నావా?”

“కట్టు విప్పింది నేనే.”

మరొక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. ఆయన గుడ్డబూట్లు కొంగ కుర్చీ పక్కన ఆగడం చూసి నా ప్రాణం పోయినంత పనైంది. ఏదో మాట్లాడుకున్నారు. కొంగ నవ్వు వినపడింది. ఇంటికి వెళ్ళి ఆ సంగతి మా చెల్లెలికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత రెండు రోజులు మాస్టారు గట్టు మీదికి రాలేదు. ఆ మరుసటి పొద్దున్న గ్రూపులో ఆయన పేరుతో ఒక కబురు వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళారట. మా ఊరికి అది ఒక రోజు ప్రయాణం. అక్కడి ఉప్పుమళ్ళలో ఇంకొక గరిటెమూతి కనపడిందని రాశారు. “నల్లటి కాళ్ళు, పొట్టివి, బురదలో సగం దిగి ఉన్నాయి. నడక గాభరాగా. పొట్ట తెలుపు, వీపు బూడిద. ముక్కు చివర గరిటె. ఇక్కడికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి చూపించింది, చెప్పిందీ ఆ అమ్మాయే. పేరడిగితే నవ్వి ఊరుకుంది. వేలికి దెబ్బ తగిలినట్టుంది పాపం.”

మా ఆయన పరీక్షగదికి తెచ్చిన ఫోనులో అది చదివి నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయన రాసిందాన్ని కాదనే మనిషి ఆ గ్రూపులో లేడు. గోధుమ బూట్లు కుర్చీ ముందు కదలకుండా ఉన్నాయి. చదువుతున్నాడన్నమాట. చాలాసేపు అలాగే ఉన్నాయి. మా ఆయన ఫోనులో మా చెల్లెల్ని అడిగి రాశాడనీ, మనిషి మాత్రం ఆ ఉప్పుమళ్ళ దగ్గర ఉందనీ అతను అనుకోవాలి. అనుకుంటాడా? పంపుల హోరు తప్ప నాకేమీ వినపడటం లేదు. కుర్చీ మడత పడింది. స్టాండు మూడుకాళ్ళూ దగ్గరకు వచ్చాయి. బూట్లు గేటు వైపు నడిచి, నా కిటికీకి ఎదురుగా వచ్చేసరికి ఆగిపోయాయి.

మోకాళ్ళు వంగాయి. తర్వాత ముఖం దిగింది. ఆ కిటికీలో నేను ఎప్పుడూ ఎవరి ముఖమూ చూడలేదు. అతను నా కళ్ళలోకి చూశాడు, రెప్ప వెయ్యకుండా, బురదలో పిట్టను చూసినట్టు. నేను చేతిలో ఉన్న సీసా వంక చూపు తిప్పి, రంగు సరిపోలుస్తున్నట్టు నటించాను. సీసాలో నీళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

“వస్తాను వదినా,” అన్నాడు.

కారు శబ్దం దూరమయ్యేదాకా నేను ఆ సీసా కింద పెట్టలేదు.

అదే మధ్యాహ్నం పటిక బస్తాలు దింపి వెనక్కి వెళ్ళే లారీలో మా చెల్లెలు వెళ్ళిపోయింది. డ్రైవరు మా ఆయనకు పాత స్నేహితుడు, భార్యను కూడా వెంట తీసుకొచ్చాడు. ఇన్నాళ్ళూ ఎండ తగలక అది తెల్లగా పాలిపోయి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. ఉప్పుమళ్ళ కబురుతో ఖాళీ అయిన గట్టు మీదికి వచ్చాక మొదట మడుగు వైపే చూసింది. పిట్ట అక్కడే ఉంది. దీన్ని ఇంత దగ్గరగా చూడలేదక్కా, అని రెండడుగులు వేసి ఆగిపోయింది. మెళ్ళోంచి దుర్భిణి తీసి నా చేతిలో పెట్టింది. అది మెళ్ళో ఉంటే ఎవరైనా గుర్తుపడతారని దాని భయం.

ఎక్కడికెళ్తావో చెప్పవే అన్నాను. తల అడ్డంగా ఊపింది.

“నీకు తెలిస్తే నీ మొహం దాచలేదక్కా. ఆయన మళ్ళీ వస్తాడు.”

నిజమే, నా మొహం అద్దం లాంటిదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అనేవాళ్ళు. దాన్ని పట్టుకుని ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. లారీ ఎక్కబోతుంటే మళ్ళీ చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఇక ఎక్కడ ఏ పిట్టను చూసినా ముక్కుతో మొదలుపెట్టు,” అన్నాను.

అది నవ్వబోయింది. నవ్వు రాలేదు, అలాగే ఎక్కి తలుపు వేసుకుంది.

ఉప్పుమళ్ళకు కొంగతో పాటు ఇంకా చాలామంది వెళ్ళారు. పిట్టా లేదు, అమ్మాయీ లేదు. ఫోటో చూపించమన్నారు, మాస్టారి దగ్గర లేదు. ఇన్నేళ్ళూ ఆయన కొట్టేయించిన పిట్టలన్నీ అందరికీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. కళ్ళు పోయాయి ముసలాయనకి, అన్నారు ఒకరు. కొంగ మాత్రం ఎంతో మృదువుగా, మాస్టారూ, చూశారా, చూశాననుకున్నారా, అని రాశాడు. సాయంత్రానికి మాస్టారు జవాబిచ్చారు. “చూశాననుకున్నాను.” అంతే. గ్రూపును డాక్టరమ్మకు అప్పగించి తప్పుకున్నారు. తర్వాత నా కిటికీలో ఆ గుడ్డబూట్లు మళ్ళీ కనపడలేదు. ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళాను, కృతజ్ఞత చెప్పుకుందామని. నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా అని అడిగి, ఆ మాట ఎత్తనివ్వలేదు.

చలి తగ్గేసరికి గరిటెమూతి కూడా వెళ్ళిపోయింది. కొంగ మాత్రం వెళ్ళలేదు. ఇప్పటికీ చలికాలం వస్తే ఆ గోధుమ బూట్లు గట్టు మీద నడుస్తాయి, నా కిటికీ ముందు ఒక్క క్షణం ఆగుతాయి. గ్రూపులో ఎక్కడెక్కడి వాళ్ళు రాసినవీ అతను ఒక్కటీ వదలకుండా చదువుతాడు. ఎవరైనా తెలియక కాళ్ళతో మొదలుపెడితే చాలు, ఎవరు నేర్పారండీ అని మర్యాదగా అడుగుతాడు.

నేనూ చదువుతాను. మా ఆయన ఫోను తీసుకుని, దాని దుర్భిణి ఒళ్ళో పెట్టుకుని, తెలియని ఊళ్ళలో, తెలియని పేర్లతో వచ్చిన ప్రతి కబురూ చదువుతాను. అందరూ ముక్కుతోనే మొదలుపెడతారు. ముక్కు, తల, రెక్క, తోక. వాటిలో ఒకటి మా చెల్లెలిదై ఉంటుంది, ఏదో నాకు తెలియదు. తెలియనంతకాలం అది క్షేమంగా ఉన్నట్టేనని, ఒక్కొక్కటీ చదివి, అమ్మయ్య ఇదీ ముక్కే అనుకుని, ఫోను పక్కన పెడతాను.